కుట్టుపనావిడ పూసిన పడమటి గోడ

మా వీధి చివరింట్లో బట్టలు కుట్టే ఆవిడను అందరూ కుట్టుపనావిడ అనే పిలుస్తారు. చొక్కాకు కాలరు మార్చినా, గౌనుకు కుచ్చులు పెట్టినా ఆమె పని చేత్తో తడిమితే తెలిసిపోతుంది. లోపలి కుట్టు కూడా బయటి కుట్టంత శుభ్రంగా ఉంటుంది. అలాంటి మనిషి ఒక వేసవిలో మిషను పక్కనపెట్టి తాపీ పట్టింది. ముచ్చటపడి కాదు, పట్టేవాళ్ళు ఇంకెవరూ దొరక్క.

ఆ ఇంట్లో వెనక గది తరవాత కట్టించుకున్నది. ఇటుకలు పేర్చారు, కప్పు వేశారు, లోపలివైపు సిమెంటు పూశారు. బయట పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి పని ఆగింది. వచ్చే నెల చూద్దాం అన్నాడు ఆమె భర్త. అతను దూరాలు తిరిగే లారీ డ్రైవరు. ఇంటికొచ్చిన రోజులు నిద్రకే చాలవు. గోడ మాట ఎత్తితే కళ్ళు తెరవకుండానే "ఊఁ" అనేవాడు. ఆ ఒక్క "ఊఁ" మీదే కొన్ని వానాకాలాలు వెళ్ళిపోయాయి.

ఆ గదిలోనే కుట్టుమిషను, బట్ట కత్తిరించే బల్ల, పడమటి గోడను ఆనుకుని అత్తగారి మంచం. అత్తగారు కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. చూపు మందగించినా వేళ్ళకు దారి తెలుసు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా కోడలి మిషను ఒక పక్క, అత్తగారి నోరు ఒక పక్క ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. కోడలు కత్తిరించిన బట్ట వంకర అని ఆవిడ, కాజాలు కొంగ నోళ్ళలా ఉన్నాయని ఈవిడ. వినేవాళ్ళకు తగాదాలా ఉంటుంది కానీ, ఒకరు గది దాటి వెళితే రెండోవాళ్ళకు పని సాగదు.

పూత లేని ఇటుక గోడ వానకు నీళ్ళు తాగుతుంది. ఆ వేసవికి ముందటి వానాకాలం ఆ గోడ తాగినంత తాగి, మిగిలింది గదిలోకి పంపింది. లోపలి పూత ఉబ్బి పిండిలా రాలింది. కుట్టి మడతపెట్టిన బట్టలకు ముక్కవాసన పట్టింది. ఒక్క గోడే అని కాదు, గదంతా చెమ్మ. మంచం ఏ పక్కకు జరిపినా అదే వాసన. అత్తగారికి దగ్గు పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు, చివరికి ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో తోడుగా ఉన్నది అత్తగారి కూతురు, అంటే ఈమె భర్తకు అక్క. ఊరికి అవతలి పక్కన పెద్ద మేడలో ఉంటుంది. వాళ్ళమ్మను ఇంట్లో దింపి వెళుతూ ఆమె ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. గొంతు పెంచలేదు.

"చూడమ్మా, వచ్చే వానలకు కూడా ఈ గోడ ఇలాగే ఉంటే అమ్మను నాతో తీసుకెళ్ళిపోతాను. మళ్ళీ పంపను."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కుట్టుపనావిడకు మింగుడుపడనిది అదే. తప్పుంటే ఎదురు చెప్పేది.

ఆడపడుచు వెళ్ళాక అత్తగారు సూది వైపే చూస్తూ, తీసుకెళ్ళనీ, అక్కడ లిఫ్టుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి అంది. కోడలు, వెళ్ళండి, నాకూ మంచం చోటు కలిసొస్తుంది అంది. అత్తగారు ఇంతకుముందు ఒకసారి కూతురింట్లో కొన్నాళ్ళుండి వచ్చింది. పొద్దున్నే అందరూ తలుపు వేసుకుని ఉద్యోగాలకు పోతారట. సాయంత్రం దాకా గోడగడియారంతో కబుర్లు చెప్పుకోవాలట. అదైనా బదులు చెప్పేది గంటకోసారేనని తిరిగొచ్చిన రోజు చెప్పి నవ్వింది. నవ్వాక చాలాసేపు కోడలి మిషను చప్పుడు వింటూ కూర్చుంది.

వేసవి మొదలవగానే కుట్టుపనావిడ మేస్త్రీల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఒక్క గోడ, అదీ ఒక పక్కే. పెద్ద పనులున్నవాళ్ళకు అది కంటికి ఆనలేదు. ఒకతను వచ్చి గోడను జానలతో కొలిచి, మంచినీళ్ళు తాగి, రేపొస్తానమ్మా అని వెళ్ళాడు. ఆ రేపు రాలేదు. ఫోను చేస్తే మోగుతూనే ఉండేది, ఎత్తేవాడు కాదు. మిగిలినవాళ్ళు మొహం చాటేశారు.

పడమటి గోడ సందువైపుంటుంది. సందుకు అవతలి ఇంటి వాకిట్లో ఒక ముసలి మేస్త్రీ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాడు. తను లేవలేడు కానీ, కూర్చుని చెబుతానన్నాడు. చెయ్యడం నీ వంతు, చెప్పడం నా వంతు అన్నాడు. ఆమె అప్పటిదాకా తాపీ ముట్టుకోలేదు. సరేనంది.

ఇక్కడ మేస్త్రీ గురించి ఒక మాట చెప్పాలి. బతుకంతా సుత్తుల పక్కన, రాళ్ళు కోసే మిషన్ల పక్కన గడిపిన మనిషి. వినికిడి ఎప్పుడో సన్నగిల్లింది. వినపడనిదానికి కూడా వినపడినట్టే తలూపడం, తనకు తోచిన ప్రశ్నకు జవాబు చెప్పడం అతని అలవాటు. అతనికి చెవుడని మా వీధిలో అందరికీ తెలుసు, అతనికి తప్ప. కుట్టుపనావిడకూ తెలుసు. కానీ పనిలో పడ్డాక ఎవరికైనా తెలిసినవే ముందు మరుపున పడతాయి.

మొదట్లో చెప్పినదంతా ఆమె పొల్లుపోకుండా చేసింది. ఇటుకల మధ్య సందులు గీకింది. గోడకు పట్టిన పాకుడు ఇనప బ్రష్షుతో తోమింది. ఇసుక జల్లెడ పట్టింది. ఇసుకా సిమెంటూ నీళ్ళు పొయ్యకముందే ఒకే రంగు వచ్చేదాకా పారతో తిరగేసింది. ముందు రోజు సాయంత్రం గోడను తడిపింది, పొద్దున్నే మళ్ళీ తడిపింది. పొడి గోడ సిమెంటు మాలులోని తడిని గుంజేసుకుంటుంది, పూత పిండైపోతుంది అని మేస్త్రీ చెప్పాడు. పడమటి గోడకు పొద్దుటి పూట నీడ ఉంటుంది కాబట్టి తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే చేతులు కడుక్కుని మిషను ముందు కూర్చోవాలి. స్కూళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. యూనిఫాం గుడ్డలు బల్ల మీద కుప్పగా పడున్నాయి.

అసలు తిప్పలు మాలు కొట్టడంలో మొదలయ్యాయి. సిమెంటు మాలును తాపీతో తీసుకుని గోడ మీదికి విసరాలి. భుజంతో కాదు, మణికట్టుతో. చూడ్డానికి రొట్టె మీద వెన్న రాసినంత తేలిక. ఆమె విసిరింది గోడకు తగిలి, ఒక్క క్షణం ఆలోచించుకుని, జారి కాళ్ళ మీద పడేది. గట్టిగా విసిరితే చింది మొహాన పడేది. ఆ గోడకున్న కిటికీలోంచి చూస్తున్న అత్తగారు ఊరుకోలేదు.

"గోడకంటే నీకే బాగా అంటింది. నిన్ను తీసుకెళ్ళి వానలో నిలబెడితే సరిపోతుంది."

కోడలు తలెత్తలేదు. కాజాలు ఎక్కడిదాకా వచ్చాయని మాత్రం అడిగింది.

నాలుగు పొద్దులు గడిచాక మణికట్టుకు పని పట్టుబడింది. విసిరిన మాలు గోడకు టప్పుమని అతుక్కుంటే ఆ చప్పుడే వేరుగా ఉంటుంది. చేతికే తెలుస్తుంది. ఎగుడుదిగుళ్ళు పోవడానికి పొడుగు చెక్కబద్దను గోడకు ఆనించి కింది నుంచి పైకి లాగింది. పోగైన మాలు బద్దతో వచ్చేస్తుంది, పల్లాలు బయటపడతాయి, వాటిని నింపి మళ్ళీ లాగాలి. ఇలా గోడంతా మొదటి పూత నిండింది.

పూత కొంచెం గట్టిపడ్డాక దాన్ని రుద్దాలి. దేనితో రుద్దాలో ఆమెకు అనుమానం వచ్చింది. ఒక చేతిలో ఇనప తాపీ, ఇంకో చేతిలో పిడి ఉన్న చెక్క. అప్పుడే సందులో నీళ్ళ ట్యాంకరు ఒకటి రొదచేసుకుంటూ పోతోంది. ఆమె ఇవతలి నుంచి కేకేసి అడిగింది.

"బాబాయ్, చెక్కతోనా, తాపీతోనా?"

మేస్త్రీ చెయ్యెత్తి నెమ్మదిగా ఊపాడు.

"తాపీగా, అమ్మాయ్. తాపీగా."

ఎలా రుద్దాలి, తొందరగానా నెమ్మదిగానా అని ఆమె అడుగుతోందనుకున్నాడు. తాపీగా కానివ్వమన్నాడు. ఆమెకు తాపీ అన్నంతవరకే అందింది. చెక్క కింద పెట్టేసింది.

ఒక రకంగా ఆమె మనసుకు కావలసిన జవాబే అది. బట్టలు కుట్టే మనిషికి ముడతలంటే పడదు. నున్నటి ఇనప తాపీని పూత మీద నొక్కి లాగుతుంటే నీరూ సిమెంటు పాలూ పైకి తేలి గోడ మెరిసింది. ఆమె ఇంకా నొక్కింది. అత్తగారు కిటికీలోంచి చెయ్యి చాపి అందినంత మేర తడిమి, ఇస్త్రీ చేశావే అంది. ఆవిడ నోట మెచ్చుకోలు వినడం ఆ ఇంట్లో కొత్త. కుట్టుపనావిడ ఆ పూట నొప్పులు మరిచిపోయింది.

కానీ మొదటి పూత పని నున్నగా ఉండటం కాదు, రెండో పూతకు పట్టు ఇవ్వడం. గరుగ్గా ఉంటేనే పైది కరుచుకుంటుంది. కొన్నాళ్ళు తడిపి రెండో పూత వేసేసరికి అది జారసాగింది. నొక్కిపట్టి, బతిమాలినట్టు మళ్ళీ మళ్ళీ అద్ది మొత్తానికి నిలబెట్టింది. దాన్నీ తాపీతోనే మెరిపించింది. ఆరుతున్నకొద్దీ గోడ మీద సన్నటి నెర్రెలు లేచాయి. చేపల వల పరిచినట్టు గోడంతా. వేలి కణుపుతో కొడితే ఖాళీ డబ్బా మోగినట్టు డొల్లగా పలికింది.

మేస్త్రీ కర్ర ఊతంగా సందు దాటి వచ్చాడు. గోడను ఒక చోట కొట్టాడు, ఇంకో చోట కొట్టాడు. ఆ చప్పుడు మాత్రం అతనికి బాగానే వినిపించినట్టుంది.

"తాపీతో రుద్దమని ఎవరు చెప్పారు నీకు?"

"మీరే కదా బాబాయ్. చెక్కతోనా తాపీతోనా అంటే తాపీ అన్నారు."

"నేను తాపీగా అన్నాను."

కిటికీలో అత్తగారు నవ్వాపుకోలేక దగ్గుతెచ్చుకుంది. ఆ దగ్గు వినగానే కోడలు చటుక్కున కిటికీ వైపు తిరిగింది. అత్తగారు నవ్వు ఆపేసింది.

మేస్త్రీ తన చెవుల సంగతి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. పై పూత మొత్తం ఊడగొట్టమన్నాడు. కింది పూత మీద ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టమన్నాడు, అమ్మవారి మచ్చల మొహంలా అయిపోవాలన్నాడు. తరవాత తన వాకిట్లో కుర్చీని తెప్పించుకుని ఈ గోడ పక్కనే వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఏమంటోందో వినే ప్రయత్నం మానేసి, ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాడు.

పూయడం ఒక కష్టం, పూసింది పీకడం ఇంకో కష్టం. రెండోదాంట్లో చేసినకొద్దీ మనసు విరుగుతుంది. పొద్దున్నే సుత్తీ ఉలీ, ఆ తరవాత యూనిఫాంలు. సుత్తి దెబ్బలకు వేళ్ళు వాచి సూదిని పట్టలేకపోయాయి. ఒక మధ్యాహ్నం మిషను సూదిలోంచి దారం తెగింది. ఆమె ఎక్కించబోతే వాచిన వేళ్ళ మధ్య దారం నిలవలేదు. దారం ఇటివ్వు అని అత్తగారు తీసుకుంది. ఆవిడకు సూది బెజ్జం ఆనలేదు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వేళ్ళు లేవు. ఇద్దరూ ఆ సూది ముందు అలా కూర్చుండిపోయారు. చివరికి గుండీలు తెగిన జాకెట్టుతో వచ్చిన పక్కింటామె ఎక్కించి వెళ్ళింది.

ఆ సాయంత్రమే భర్త ఫోను చేశాడు. ఎక్కడో రోడ్డు పక్కన లారీ ఆపి మాట్లాడుతున్నాడు. అంత హైరానా ఎందుకు, నేనొచ్చాక చూద్దాంలే అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ" అంది.

పైన మబ్బులు కూడటం మొదలైంది. గాట్లు దాదాపు అయిపోయాయి. కింద ఒక మూల మిగిలింది. నీళ్ళ డ్రమ్ము వెనకాల, మనిషి వంగి దూరితే తప్ప చెయ్యి ఆడని చోటు. అక్కడ పై పూత గట్టిగానే అతుక్కున్నట్టు కనిపించింది. నెర్రెలు కూడా ఎక్కువ లేవు. మేస్త్రీ ఆ పూట రాలేదు, మోకాళ్ళు పట్టేశాయట. ఆమె సుత్తి పట్టుకుని ఆ మూల ముందు కూర్చుంది. ఒక్కసారి కొట్టి చూస్తే డొల్లో కాదో తెలిసేది. నడుము వంగనన్నది. కొడితే తెలిసిపోతుందని కొట్టకుండానే లేచింది.

మళ్ళీ మాలు కలిపింది. ఈసారి చెయ్యి తడబడలేదు. గాట్లు పెట్టిన గోడ మాలును చంటిపిల్ల పాలు పట్టినట్టు పట్టుకుంది. బద్ద లాగింది, పదును వచ్చేదాకా ఆగింది, చెక్కతో గుండ్రంగా, నెమ్మదిగా రుద్దింది. గోడ మెరవలేదు. ఇసుక రేణువులు కనబడుతూ, రెండోసారి చూడబుద్ధి కానంత మామూలుగా తయారైంది. మేస్త్రీ దాన్ని కర్రతో తట్టి, ఇది గోడ అన్నాడు. ఆమె దాని మీద తడి గోనెసంచులు కప్పింది, రోజూ తడిపింది. సంచులు తీసిన వారానికే వాన పడింది.

మామూలు వాన కాదు. పగలూ రాత్రీ పట్టుకుని కురిసింది. కుట్టుపనావిడ మిషను తొక్కుతూ మధ్యమధ్యలో లేచి గోడ మీద చెయ్యి పెట్టి వచ్చేది. పొడి. మళ్ళీ వెళ్ళేది. పొడి. అత్తగారు, దాన్ని నిద్రపోనియ్యవే, మాటిమాటికీ లేపుతావేంటి అని విసుక్కుంది. ఆ ముసురులోనే ఒక పొద్దున, మంచం తలవైపు కింది మూలన, మంచం పట్టెకు కాస్త పైన అరచేతులు రెండు పరిచినంత మేర గోడ రంగు మారింది. డ్రమ్ము వెనకాల వదిలేసిన మూలకు సరిగ్గా ఇవతల. నెర్రెల్లోంచి దిగిన నీళ్ళు డొల్లలో చేరి లోపలికి ఊరాయి.

ఆమె చూసింది. అత్తగారూ చూసింది. ఏ మాటా అనుకోకముందే బయట ఆటో ఆగింది.

ఆడపడుచు గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. చేతిలో ఖాళీ సూటుకేసు. దాన్ని గుమ్మం పక్కన పెట్టి, ముందు వాళ్ళమ్మ నుదురు చూసింది, దగ్గుందా అని అడిగింది. తరవాత గోడ దగ్గరికి నడిచింది. పైన తడిమింది, మధ్యలో తడిమింది, కిటికీ కింద తడిమింది. కిటికీ తలుపు తీసి బయటి పూత మీద కూడా వేళ్ళు రాసి చూసింది.

"ఎవరు పూశారమ్మా?"

"నేనే వదినా."

ఆమె నమ్మనట్టు చూసింది. తరవాత కుట్టుపనావిడ చేతులు చూసింది. సిమెంటు తిన్న వేళ్ళు, పగిలిన గోళ్ళు.

మంచం మీద పడుకునున్న అత్తగారు ఈలోపు లేచి తలవైపుకు జరిగింది. కాళ్ళు ముడుచుకుని, ఆ రంగు మారిన చోటికి వీపు ఆనించి, కాజాల చొక్కా ఒళ్ళోకి తీసుకుంది. ఎప్పుడూ అలాగే కూర్చునే మనిషిలా కూర్చుంది.

కిందటేడు ఆసుపత్రిలో ఊపిరందక ఈ మనిషే ఎలా కొట్టుకుందో కుట్టుపనావిడకు గుర్తొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచింది.

"వదినా, ఒక మూల..."

"ఒక మూల చీమలున్నాయి," అంది అత్తగారు కూతురితో. "దాన్ని అడగకు. వానాకాలం చీమలు రాని ఇల్లుంటే చూపించు. నువ్వెళ్ళి టీ పెట్టవే కోడలా, అలా నిలబడతావేం?"

ఆవిడ చూపు కోడలి మీదే ఉంది. మసక చూపే, కానీ అందులో బతిమాలడం కోడలికి స్పష్టంగా కనిపించింది. ఆ కళ్ళు ఎవరినీ బతిమాలగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె నోరు మూసుకుని టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆడపడుచు టీ తాగింది. గది నిజంగానే పొడిగా ఉందని, కిందటేటి వాసన లేదని ఒప్పుకుంది. రెండు చొక్కాలకు గుండీలు తనే వేసి పెట్టింది. వాళ్ళమ్మ కదలకుండా కూర్చున్న చోటినుంచే కూతురికి కబుర్లు చెప్పింది, చెయ్యి ఊపి పంపింది. సూటుకేసు ఎలా వచ్చిందో అలాగే ఆటో ఎక్కింది.

ఆటో చప్పుడు మలుపు దాటాక అత్తగారు ముందుకు వంగింది. వీపు మీద బట్ట నిలువునా తడిసి ఒంటికి అతుక్కుంది. కోడలు పొడి బట్ట తెచ్చి వీపు తుడిచింది, గట్టిగానే తుడిచింది.

"మీకేమన్నా అయితే ఆవిడకు నేనేం చెప్పుకోవాలి?"

"ఏమీ కాదు."

"ఆ మూల నేను కొట్టి చూడలేదు అత్తయ్యా. చూడాల్సింది. ఓపిక లేక వదిలేశాను."

"తెలుసు. చప్పుడు రాలేదుగా ఆ పూట." అత్తగారు చేతులెత్తి పొడి రవిక తొడిగించుకుంది. "వాన వెలిశాక కొట్టు. ఇప్పుడు ముందు ఈ మంచం సంగతి చూడు."

కిందటేడైతే మంచం ఎటు జరిపినా లాభం లేకపోయేది. ఇప్పుడు తడి ఒక్క మూలకే. ఇద్దరూ కలిసి కత్తిరింపు బల్లను ముందు గదిలోకి ఈడ్చారు, మంచాన్ని లోపలి గోడకు చేర్చారు. అత్తగారు తోసింది తక్కువ, ఎటు తొయ్యాలో చెప్పింది ఎక్కువ. మిషనుకు మిగిలిన చోటు ఆ తడి మూల ఒక్కటే. కుట్టుపనావిడ దాన్ని అక్కడికి జరిపి, గోడకు తగలకుండా బెత్తెడు ఎడం ఉంచి, కింద గోనెసంచి పరిచింది.

వాన ఇంకా పడుతూనే ఉంది. ఆమె కూర్చుని ఒక యూనిఫాం అందుకుంది. కాలు తొక్కుడుపలక మీద పెట్టి, వాన వెలిశాక కొట్టాల్సిన ఆ మూలను చూసింది. తరవాత తొక్కింది.